గాజులో విరళ మృత్తికలు

ఉప్పు వేసిన పప్పు పొంగి పొయ్యి మీద పడినపుడు నీలిమంట ఒక్కసారిగా పసుపు రంగుకు తిరగడం మన ఇండ్లలో అందరూ చూచినదే. గృహిణి గరిటె అందుకొనే తొందరలో ఆ రంగును గమనించదు. గమనించినా, క్షణంలో మాయమయ్యే ఆ వెలుగు వలన ఆమె పనికి కలిగే విఘ్నం ఏమీ లేదు. ఆ రంగు వంట ఉప్పులోని సోడియం అనే మూలకానిది. వేడెక్కిన సోడియం ఎక్కడ ఉన్నా అదే పసుపు వెలుగును విరజిమ్ముతుంది.

గాజు ఊదే పనివాని సంగతి వేరు. మామూలు గాజులో సోడా ఒక ముఖ్యమైన భాగం. సోడా అంటే సోడియమే. అతడు గాజు గొట్టాన్ని మంటలో పెట్టిన మరుక్షణం ఆ పసుపు వెలుగు కమ్ముకొంటుంది. పని సాగినంతసేపు అది పోదు. గాజు ఎక్కడ మెత్తబడినదో, ఎక్కడ పలుచబడినదో, అతుకు సరిగా కూడినదో లేదో ఆ వెలుగు వెనుక కనిపించదు. కన్ను చికిలించి, తల ప్రక్కకు త్రిప్పి, అంచనా మీద పని చేయవలసి వస్తుంది.

అటువంటి పనివారు ధరించే ఒక రకపు కళ్ళజోడు ఉన్నది. చూడడానికి లేత ఊదా ఛాయలో ఉండే సాదా అద్దమే. దానిని పెట్టుకొని చూస్తే మంటలోని పసుపు వెలుగు ఎవరో తుడిచివేసినట్లు తొలగిపోతుంది. లోపల ఎర్రగా కాలుతున్న గాజు స్పష్టంగా కనిపిస్తుంది. ఎదుట ఉన్న మనిషి, బల్ల, పనిముట్లు దాదాపు యథాప్రకారమే కనిపిస్తాయి. ఒక్క రంగును మాత్రమే ఏరి తీసివేసే ఈ నేర్పు ఆ అద్దానికి ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ ప్రసంగంలో మేము తలపెట్టిన పని.

మనకు కంటికి కనిపించే వెలుగు 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఊదా నుండి 700 నానోమీటర్ల ఎరుపు వరకు వ్యాపించి ఉన్నది. ఒక నానోమీటరు అనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. రంగు అద్దాలు సాధారణంగా ఈ వర్ణపటంలో పెద్ద పెద్ద భాగాలను మ్రింగివేస్తాయి. ఇనుము కలిసిన ఆకుపచ్చ సీసా గాని, కోబాల్టు కలిసిన నీలి గాజు గాని అటువంటివే. వాటిలోనుండి చూస్తే లోకమంతా ఒకే రంగుగా కనిపిస్తుంది. మనము చెప్పుకొంటున్న ఊదా అద్దం అట్లా కాదు. అది 570 నుండి 590 నానోమీటర్ల ప్రాంతంలో ఒక సన్నని పట్టీని ముఖ్యంగా పీల్చుకొంటుంది. సోడియం వెలుగు 589 నానోమీటర్ల దగ్గర ఉన్నది. కనుక ఆ పట్టీతోపాటు అదీ పోతుంది.

ఆ అద్దంలో కలిపిన పదార్థానికి డిడిమియం అని పేరు. దాని కథ విరళ మృత్తికల కథలో ఒక భాగం. 1787లో స్వీడను దేశపు రాజధాని స్టాక్‌హోము సమీపాన ఇట్టర్బీ అనే ఊరి గనిలో అర్హేనియస్ అనే సైనికోద్యోగికి ఒక నల్లని బరువైన రాయి దొరికినది. 1794లో గడోలిన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి, అందులో అంతవరకు తెలియని ఒక మృత్తిక ఉన్నదని వెల్లడించాడు. ఆ కాలంలో లోహపు ఆక్సైడులను మృత్తికలు అనేవారు. తరువాత నూరేండ్లకు పైగా సాగిన పరిశోధనలలో ఈ కుటుంబంలోని సభ్యులు ఒక్కొక్కటిగా బయటపడినాయి. ఇట్రియం, ఇట్టర్బియం, టెర్బియం, ఎర్బియం అనే నాలుగు మూలకాలు ఆ చిన్న ఊరి పేరునే ధరించాయి.

నేడు ఈ కుటుంబంలో 17 మూలకాలను లెక్కిస్తారు. విరళములు అన్నారే గాని ఇవన్నీ నిజంగా అరుదైనవి కావు. భూమి పైపొరలో సీరియం దాదాపు రాగి ఉన్నంత ఉన్నది. అరుదైనది వాటి వేర్పాటు. రసాయన గుణాలలో అవి కవల పిల్లలవలె ఒకదానిని ఒకటి పోలి ఉంటాయి. ఒకదానిని పట్టుకొంటే మరొకటి వెంట వస్తుంది. 1841లో మొసాండర్ అనే స్వీడిష్ శాస్త్రజ్ఞుడు ఒక కొత్త మూలకాన్ని కనుగొన్నానని భావించి, గ్రీకు భాషలో కవల అనే అర్థం వచ్చేటట్లు డిడిమియం అని పేరు పెట్టాడు. 1885లో ఆస్ట్రియా దేశీయుడు ఆవర్ ఫన్ వెల్స్‌బాహ్ అది ఒకటి కాదు, రెండని నిరూపించాడు. ఒకటి ప్రాసియోడిమియం, అనగా పచ్చని కవల. రెండవది నియోడిమియం, అనగా కొత్త కవల. పసుపు వెలుగును పీల్చుకొనే పనిలో పెద్ద భాగం ఈ రెండవ కవలదే.

ఈ వెల్స్‌బాహ్ మన పెద్దలకు పేరు తెలియకపోయినా బాగా పరిచయమైనవాడే. పెండ్లి పందిళ్ళలోను, హరికథలలోను, తిరునాళ్ళలోను వెలిగిన పెట్రోమాక్సు లైటులోని మాంటిలు ఆయన కృషి ఫలితమే. ఆనాటి మాంటిలులో 99 పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక్క పాలు సీరియం ఆక్సైడు. ఆ ఒక్క పాలు లేకపోతే వెలుగు వెలవెలపోతుంది, ఎక్కువైనా తగ్గిపోతుంది. కొద్దిపాటి అతిథి పెద్ద ఇంటికి కళ తెచ్చినట్లు, కొలతగా కలిపిన అల్పభాగం మొత్తం పదార్థపు నడవడిని మార్చివేస్తుంది. గాజులోనూ జరిగేది ఇదే.

సన్నని పట్టీని మాత్రమే పీల్చుకొనడానికి కారణం ఈ పరమాణువుల నిర్మాణంలో ఉన్నది. ప్రతి పరమాణువులోను కేంద్రం చుట్టూ ఎలక్ట్రానులు పొరలు పొరలుగా ఉంటాయి. కోబాల్టు, ఇనుము వంటి వాటిలో రంగుకు కారణమైన ఎలక్ట్రానులు వెలుపలి పొరలో, వీధి అరుగు మీద కూర్చున్నవారివలె ఉంటాయి. చుట్టుప్రక్కల పరమాణువుల తాకిడి వాటికి నేరుగా తగులుతుంది. అందువలన అవి పీల్చుకొనే వెలుగు విశాలంగా చెదిరిపోతుంది. విరళ మృత్తికలలో ఆ ఎలక్ట్రానులు నట్టింట, లోపలి పొరలో ఉంటాయి. వాటికి వెలుపల నిండుగా ఉన్న మరి రెండు పొరలు గోడలవలె అడ్డు నిలుస్తాయి. వీధిలోని సందడి లోపలికి సన్నగా మాత్రమే వినబడుతుంది. కనుకనే నియోడిమియం గాజులో ఉన్నా, నీటిలో కరిగిన లవణంగా ఉన్నా, స్ఫటికంలో ఉన్నా దాదాపు అదే స్థానంలో వెలుగును పీల్చుకొంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం మా విధి. ఆ ఊదా అద్దం పెట్టుకొంటే మంట ముందు కంటికి హాయిగా ఉంటుంది. పని స్పష్టంగా కనిపిస్తుంది. ఆ హాయిని చూచి, కంటికి ఇక భయం లేదని అనుకొనడం పెద్ద పొరపాటు. కొలిమి నుండి వచ్చేది కనిపించే వెలుగు మాత్రమే కాదు. దానికంటే ఎక్కువ శక్తి పరారుణ కిరణాలుగా, అనగా కంటికి కనిపించని వేడి కిరణాలుగా వస్తుంది. ఏండ్ల తరబడి అవి కంటిలోని కటకం మీద పడితే శుక్లం ఏర్పడుతుంది. గాజు పనివారిలో ఇది ఎంత తరచుగా కనిపించేదంటే, ఆ శుక్లానికి వారి వృత్తి పేరే పెట్టినారు. డిడిమియం సోడియం వెలుగును తొలగిస్తుందే గాని, పరారుణాన్ని చాలవరకు లోపలికి పోనిస్తుంది.

ఇంగ్లండులో సర్ విలియం క్రూక్స్ ఈ సమస్యను చేపట్టి, అనేక లోహాలను గాజులో కలిపి ఒక్కొక్కటి ఏ కిరణాన్ని ఆపుతుందో, ఏ కిరణాన్ని విడిచిపెడుతుందో కొలిచాడు. తన ఫలితాలను 1914లో ప్రచురించాడు. విరళ మృత్తికలలో ఒకటైన సీరియం కంటికి కనిపించే వెలుగును దాదాపు ముట్టకుండానే అతినీలలోహిత కిరణాలను అడ్డుకొంటుంది. వేడి కిరణాలను ఆపడంలో ఒక ప్రత్యేక స్థితిలో ఉన్న ఇనుము మేలని ఆయన ప్రయోగాలలో తేలినది. అనగా ఒక్కొక్క ప్రమాదానికి ఒక్కొక్క కాపలాదారు కావలెను. నేటికీ అంతే. పెద్ద మంట మీద పనిచేసేవారికి డిడిమియంతోపాటు పరారుణాన్ని ఆపే అద్దం కూడా ఉన్న కళ్ళజోడు అవసరం. కళ్ళజోడు కొనేటప్పుడు దాని రంగును కాక, ఏయే కిరణాలను ఎంతవరకు ఆపుతుందో తెలిపే వివరాన్ని అడిగి తెలుసుకొనవలెను.

ఇక, పీల్చుకొన్న వెలుగు ఏమవుతుంది? ఆ శక్తి ఎలక్ట్రానును మేడ మీదికి ఎక్కించినట్లు పై స్థాయికి చేరుస్తుంది. అది అక్కడినుండి క్రిందికి దిగడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, ఒక్క దూకుతో దిగి, ఆ శక్తిని తిరిగి వెలుగుగా విడిచిపెట్టడం. రెండు, గాజులోని పరమాణువుల కంపనాలకు శక్తిని కొంచెం కొంచెంగా అప్పగిస్తూ మెట్లు దిగి, దానిని వేడిగా వృథా చేయడం. సాధారణంగా పరమాణువులలో ఎలక్ట్రాను పై స్థాయిలో నిలిచేది సెకనులో పది కోట్లవ వంతు. ఎర్బియంలో ఒక స్థాయి మాత్రం సుమారు సెకనులో నూరవ వంతు నిలుస్తుంది. ఇది పది లక్షల రెట్లు దీర్ఘమైన జీవితం. అంతసేపు శక్తిని నిలువచేయగలగడమే ఈ గాజులకు విలువ తెచ్చినది.

1961లో అమెరికాలో ఎలియాస్ స్నిట్జర్ నియోడిమియం కలిపిన గాజు కడ్డీతో లేసరును వెలిగించాడు. మొదటి లేసరు పుట్టి అప్పటికి ఏడాది మాత్రమే. మూడేండ్లకు ఆయన, సహచరుడు కోస్టర్ కలిసి అటువంటి గాజును సన్నని తీగగా తీసి, ఒక చివర ప్రవేశించిన వెలుగు రెండవ చివర బలపడి వచ్చేటట్లు చేసి చూపించారు. ఆ ఊహకు పూర్తి ప్రయోజనం చేకూరడానికి ఇరవై ఏండ్లకు పైగా పట్టినది.

విదేశాలలో ఉన్న కుమారునితోనో, కుమార్తెతోనో మాట్లాడే ప్రతి తెలుగు కుటుంబానికి ఈ ప్రయోజనంతో సంబంధం ఉన్నది. ఆ మాటలు సముద్రగర్భంలో పరచిన గాజు తీగలలో వెలుగుగా ప్రయాణిస్తాయి. ఆ గాజు ఎంత స్వచ్ఛమైనదైనా, 15 కిలోమీటర్లు సాగేసరికి వెలుగు సగమవుతుంది. 100 కిలోమీటర్లకు నూరవ వంతు మిగులుతుంది. 1988లో అట్లాంటిక్ సముద్రంలో వేసిన మొదటి గాజు తీగ కేబులులో అక్కడక్కడ వెలుగును విద్యుత్తుగా మార్చి, బాగుచేసి, మరల వెలుగుగా మార్చి పంపవలసి వచ్చేది. ఈలోగా 1987లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందమూ, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో డెసుర్వీర్ ప్రభృతులూ ఎర్బియం కలిపిన గాజు తీగతో కొత్త దారి చూపించారు. గాజు తీగలో వెలుగు అతి తక్కువగా క్షీణించేది 1,550 నానోమీటర్ల ప్రాంతంలో. ఎర్బియం విడిచిపెట్టే వెలుగు సరిగా అక్కడే ఉన్నది!

ఇందులో కలిపే ఎర్బియం పది లక్షల పాళ్ళకు కొన్ని వందల పాళ్ళు మాత్రమే. ఒక చిన్న లేసరు 980 నానోమీటర్ల వెలుగుతో దాని ఎలక్ట్రానులను పై స్థాయికి ఎక్కించి సిద్ధంగా ఉంచుతుంది. అలసిన సంకేతం వచ్చి తాకగానే అవి దానితో అడుగు కలిపి, దాని వంటి వెలుగునే విడిచిపెడతాయి. కొన్ని మీటర్ల తీగలో సంకేతం వందల రెట్లు, అవసరమైతే వేయిరెట్లు బలపడుతుంది. 1996లో ఈ పద్ధతి అట్లాంటిక్ కేబులులలో ప్రవేశించినది.

అతిథి ఇంత సమర్థుడైనపుడు ఆతిథ్యమిచ్చే గాజు ఏదైనా ఒకటే కదా అని తోచవచ్చును. కాదు. విరళ మృత్తిక తన స్వభావాన్ని మార్చుకొనదు గాని, ఆ స్వభావం వెలుగుగా ఫలిస్తుందా, వేడిగా వృథా అవుతుందా అనేది గాజు చేతిలో ఉన్నది. ఇందాక చెప్పిన మెట్లను స్మరించండి. గాజులోని కంపనాల శక్తి ఎంత పెద్దదైతే మెట్టు అంత ఎత్తు; మెట్లు అంత తక్కువ; దిగడం అంత సులభం. ఎర్బియం ఎలక్ట్రాను ఇసుక నుండి చేసిన సిలికా గాజులో ఆరు మెట్లు దిగవలెను. బోరాన్ గాజులో ఐదు కంటె తక్కువ చాలును. అందువలన అక్కడ వెలుగు త్వరగా ఆరిపోతుంది. టెల్లూరియం గాజులో ఎనిమిది తొమ్మిది. 1970ల మధ్యకాలంలో ఫ్రాన్సులోని రెన్ నగరంలో కనుగొన్న ఫ్లోరైడు గాజులలో పదకొండు వరకు ఉంటాయి. వెలుగుకు అవి చాలా అనుకూలమైనవి. కాని అవి పెళుసు, తేమకు ఓర్వలేవు. సిలికా మోటుదైనా దృఢమైనది. ఏది ఎన్నుకొన్నా ఏదో ఒకటి వదలుకొనక తప్పదు.

గాజులో చిక్కుకొన్న తేమ అన్నిటికంటె పెద్ద శత్రువు. నీటి అంశమైన హైడ్రాక్సిల్ కంపనం ఎంత పెద్దదంటే ఎర్బియం ఎలక్ట్రాను రెండే మెట్లలో క్రిందికి దిగిపోతుంది. అందువలన ఇటువంటి గాజును తయారుచేసేవారు తడిని తరిమివేయడానికి పడే శ్రమ అంతా ఇంతా కాదు. రెండవ చిక్కు రద్దీ. ఎర్బియాన్ని ఎక్కువ కలిపితే ఎక్కువ వెలుగు రావలెను గదా! కాని అవి గుంపులు కట్టి, తమలో తాము శక్తిని మార్చుకొంటూ వృథా చేస్తాయి. సిలికాలో కొంత అల్యూమినియం ఆక్సైడు చేర్చితే అవి విడివిడిగా సర్దుకొంటాయి.

గాజుకు మరొక విశేషం ఉన్నది. స్ఫటికంలో ప్రతి అతిథికీ ఒకే రకమైన ఆసనం. గాజులో ఏ రెండు ఆసనాలూ సరిగా ఒక్కటి కావు. దీనివలన విడుదలయ్యే వెలుగు కొంచెం వెడల్పు పట్టీగా విస్తరిస్తుంది. ఈ వెడల్పే వరమైనది. 1,530 నుండి 1,565 నానోమీటర్ల వరకు గల పట్టీలో పదుల కొలది సంకేతాలను వేరువేరు తరంగదైర్ఘ్యాల మీద ఒకేసారి పంపి, అన్నిటినీ ఒకే తీగతో బలపరచవచ్చును. అంతేకాక, స్ఫటికాన్ని పెద్దదిగా పెంచడం కష్టం; గాజును పెద్ద పలకలుగా పోయవచ్చును. కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ ప్రయోగశాలలో 192 లేసరు పుంజాలకు 3,000కు పైగా నియోడిమియం కలిపిన ఫాస్ఫేటు గాజు పలకలు ఉన్నాయి. 2022 డిసెంబరు 5న అక్కడ 2.05 మెగాజౌళ్ళ లేసరు శక్తిని ఒక చిన్న గుళిక మీద కేంద్రీకరించగా, కేంద్రక సంలీనం వలన 3.15 మెగాజౌళ్ళు వెలువడినాయి. ఆ లేసరులను నడపడానికి వాడిన విద్యుత్తు దీనికి ఎన్నో రెట్లు ఎక్కువన్న మాట మరువరాదు. గాజుకు ఒక లోపం కూడా ఉన్నది: వేడిని త్వరగా బయటికి పంపలేదు. ఒకసారి ప్రయోగించిన తరువాత పలకలు చల్లబడే వరకు వేచి ఉండవలెను.

వెలుగు సంగతి అటుంచితే, ఈ బరువైన పరమాణువులు చేరినకొద్దీ గాజు సాంద్రత, వక్రీభవన గుణకం పెరుగుతాయి. లాంథనం ఇందుకు మంచి నిదర్శనం. దాని లోపలి పొరలో రంగుకు కారణమయ్యే ఎలక్ట్రానులు లేవు. కనుక గాజు తెల్లగానే ఉంటుంది. మామూలు గాజు వక్రీభవన గుణకం 1.5 ప్రాంతంలో ఉంటే, లాంథనం గాజుకు 1.7ను మించుతుంది, అయినా అది రంగులను అంతగా విడదీయదు. కెమెరా కటకాలలో దానికి అందుకే అంత గౌరవం.

ఈ విషయంలో మన దేశానికి, అందులో మన తీరానికి, ప్రసక్తి ఉన్నది. విరళ మృత్తికలకు ముఖ్యమైన ఖనిజాలలో మోనజైటు ఒకటి. కేరళ, తమిళనాడు, ఒడిశా తీరాలతోపాటు భీమునిపట్నం వంటి ఆంధ్ర తీరప్రాంతాల ఇసుకలలోను అది ఉన్నది. రాష్ట్రాల వారీగా చూస్తే మోనజైటు నిలువలలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానమని అణుఖనిజ శాఖ అంచనా. సీరియం, లాంథనం, నియోడిమియం అందులో సమృద్ధిగా లభిస్తాయి. ఎర్బియం వంటి బరువైనవి మాత్రం స్వల్పం. కలకత్తాలోని కేంద్రీయ గాజు, పింగాణీ పరిశోధన సంస్థలో ఎర్బియం కలిపిన గాజు తీగల మీద కృషి జరిగినది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు భౌతికశాస్త్ర విభాగం ఈ గాజుల పరిశోధనకు పేరుపొందినది. ఇటువంటి ప్రయోగశాలలలో పొడులను తూచి, కలిపి, మూసలో పోసి, వేయి డిగ్రీల ప్రాంతంలో కరిగించి, ఇత్తడి పలక మీద పోస్తారు. నెమ్మదిగా చల్లార్చిన ఆ చిన్న బిళ్ళ ఏ వెలుగును ఎంత పీల్చుకొంటున్నదో, పై స్థాయిలో శక్తి ఎంతసేపు నిలుస్తున్నదో కొలుస్తారు. 1962లో జడ్, ఓఫెల్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరువేరుగా రూపొందించిన లెక్క ఆధారంగా, ఆ గాజు లేసరుకు పనికివస్తుందో లేదో ముందుగానే అంచనా వేస్తారు.

చూడడానికి ఒక అద్దం వంటిదే మరొక అద్దం. ఒకటి దూరపు పలుకును దగ్గరకు చేరుస్తుంది. మరొకటి మంటలోని మెరుపును తుడిచివేస్తుంది. ఏ గాజు దేనిని పీల్చుకొంటుందో, దేనిని విడిచిపెడుతుందో కన్ను చెప్పలేదు. కొలత మాత్రమే చెప్పగలదు. కొలిమి ముందు కూర్చున్న పనివానికి ఈ భేదం తెలియడం మీద అతని చూపు ఆధారపడి ఉన్నది. మీ బంధువర్గంలో గాని, ఇరుగుపొరుగున గాని అటువంటి పని చేసేవారుంటే ఈ ఒక్క మాట వారి చెవిన వేయవలసినదిగా మా మనవి: కంటికి హాయినిచ్చేదంతా కంటికి రక్షణ కాదు.